మెత్తమందు

మా అన్న పంపు దగ్గర పోట్లాడుతున్నాడని వదిన ఫోన్ చేసింది. పెళ్లి కుదిరిన కబురు చెప్పినంత సంబరంగా చెప్పింది. "వినమ్మాయ్, నువ్వే విను" అని ఫోన్ గడప బయటికి చాపింది. బిందెల చప్పుడు మధ్య అన్న గొంతు వినపడింది.

"నిన్నా నువ్వే ముందు పట్టుకుంటివి, మొన్నా నువ్వే పట్టుకుంటివి, ఈ పొద్దు కూడా నీదే వంతంటే మేం గాలి తాగి బతకాల్నా? జరుగు, జరగవయ్యా, బిందె తీస్తావా లేదా?"

ప్రయోగశాల వరండాలో నిలబడి నవ్వాను. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. మా అన్న నాగుల్‌మీరా నోట అంత పొడుగు మాట విని నాలుగేళ్లయింది.

నాలుగేళ్లుగా అన్నకు మాటకొక ఊపిరి. "నీళ్లు" అనేవాడు, ఆగేవాడు, రొప్పేవాడు, ఆ తర్వాత "తే" అనేవాడు. అంతకుముందు నోటితో మా ఊళ్లో అన్నను గెలిచినవాడు లేడు. పలకల గనిలో పాతికేళ్లు రాయి కోశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వాటిని చెప్పుతోలులా బిగించేసింది. మా నాయన కూడా అలాగే పోయాడు. మార్కాపురం వైపు మా ఊళ్లో, మా వీధిలో, ఆ దగ్గు లేని ఇల్లు లేదు.

నా పేరు కాశింబి. గుంటూరు శివార్లలో ఒక పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌ని. అన్న పీలుస్తున్న మందు మా మేడమ్ డాక్టర్ వకుళ కనిపెట్టింది. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ రెండు గాజు పళ్లాలు నా ముందు పెట్టి, వేలితో తాకి చూడమంది. ఒకదాంట్లో జిగురు మీగడలా ఉంది. రెండోదాంట్లో నిన్నటి జొన్నరొట్టెలా ఉంది. రెంటిమీదా ఒకే మనిషి ఊపిరితిత్తి నుంచి తీసిన కాపలా కణాలను ఒకే బొట్టు చొప్పున వేసింది.

"రెండ్రోజుల తర్వాత చూసి చెప్పు" అంది.

చూశాను. మీగడ మీద కణాలు గుండ్రంగా, బుద్ధిగా కూర్చుని దుమ్ము తింటున్నాయి. రొట్టె మీద కణాలు కాళ్లూ చేతులూ చాపి, పక్క కణాలను పిలిచి, దారాలు అల్లించే పనిలో ఉన్నాయి. తిండి ఒకటే, వేడి ఒకటే, తేడా కింద ఉన్న పరుపులోనే. కాపలా కణం చీకట్లో తడుముకునే మనిషి లాంటిదని ఆ రోజు అర్థమైంది. కింద గట్టిగా తగిలితే అక్కడ గాయమైందనుకుని తాపీపనివాళ్లను పిలుస్తుంది. వాళ్లొచ్చి కట్టేసరికి ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. దాంతో ఇంకా మందిని పిలుస్తుంది. మా నాయన ఛాతీలో జరిగింది ఈ తాపీపనే.

మేడమ్ మందు ఊపిరితిత్తిని మెత్తబరచదు. ఆ కణాల వేళ్లను మొద్దుబారుస్తుంది. "రాతి మీద కూర్చోబెట్టి, మీగడ మీద కూర్చున్నావని నమ్మిస్తాం. అంతే" అనేది మేడమ్. కట్టేవాళ్లు పని మానేస్తే, పాత కట్టడం నెమ్మదిగా కొంత వదులవుతుంది. చేతిలో పట్టే చిన్న పరికరంతో పొగలా చేసి రోజుకు రెండుసార్లు పీల్చాలి. దానికి ఆవిడ పెట్టిన పేరులో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. మా ఊరివాళ్లు మెత్తమందు అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఒక్క రకం మనుషులకు మాత్రం ఇది ఇవ్వకూడదు. ఎప్పుడో ఒకప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్లకు. వాళ్ల ఛాతీలో ఆ క్రిమి చావదు. కాపలా కణాలే దాని చుట్టూ చేతులు పట్టుకుని దడి కడతాయి. ఏళ్ల తరబడి అలాగే నిలబడతాయి. ఆ దడి గట్టిగా తగులుతున్నంత కాలమే అవి అక్కడ ఉంటాయి. వేళ్లు మొద్దుబారితే చేతులు వదిలేస్తాయి.

మందును మొదట మా ఊరివాళ్ల మీదే పరీక్షించాలనుకున్నాం. అక్కడ టీబీ రాని మనిషిని ఎలా పట్టుకోవాలి? ఇప్పుడు తీసే స్కానింగులో దుమ్ము మచ్చల గందరగోళం తప్ప ఏమీ తెలియదు. రక్తపరీక్ష ఎటూ తేల్చలేదు. చివరికి మేడమ్‌కు ఒక ఉపాయం తట్టింది. వెనకటి రోజుల్లో గని కంపెనీ ఏడాదికోసారి బండి తెప్పించి కూలీలందరికీ ఎక్స్-రే తీయించేది. మూతపడ్డ ఆఫీసు బీరువాలో ఆ ఫిల్ములు ఇంకా ఉన్నాయి. దుమ్ము బిగియని రోజుల నాటి ఫిల్ము శుభ్రంగా ఉండి, ఫారంలో టీబీ ప్రశ్నకు లేదని జవాబు వస్తే, ఆ మనిషి పనికొస్తాడు. నలభై మంది పేర్లిచ్చారు. ఎనిమిది మంది నెగ్గారు. అందులో మా అన్న ఒకడు.

ఆ ఫిల్ములు తెచ్చింది నేనే. కంప్యూటర్ ఊపిరితిత్తులను మాత్రమే చదువుతుంది కాబట్టి మెడా భుజాలూ కత్తిరించి ఎక్కించిందీ నేనే. ఫారాలు నింపిందీ నేనే. ఇవన్నీ అప్పుడు గొప్పగా చెప్పుకున్నాను.

పంపు పోట్లాట ఫోన్లోనే వదిన చివర్లో ఇంకో మాట అంది. "ఊపిరొచ్చింది గదా, ఎండనబడి తిరుగుతుండాడు. సందేళయితే ఒళ్లు కాస్త ఎచ్చబడుతుంది. తింటానే ఉండాడు గానీ చొక్కా వదులైంది."

నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పద్నాలుగో వారం పరీక్షకు అన్న ఊపిరితిత్తి కడిగి తీసిన నీళ్లు అంతకుముందు రోజే వచ్చి ఫ్రిజ్‌లో ఉన్నాయి. దాని వంతు ఎల్లుండి. నేను ఆగలేకపోయాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఒక బొట్టు గాజుపలక మీద పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు, టీబీ క్రిములు. మొదట రెండు. పక్కకు జరిపితే ఒక గుంపు. వాటి చుట్టూ ఉండాల్సిన కాపలా కణాలు తలోదిక్కూ పోయి, గుండ్రంగా, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

క్యారేజీ విప్పుకుని తినేవాళ్ల మాటలు పక్క గదిలోంచి వినపడుతున్నాయి. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే నాకు ఒక సంగతి తెలుసు. మా ఊళ్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మేడమ్‌కు తెలియదు.

ఎక్స్-రే బండి వచ్చిన రోజున ఛాతీలో మచ్చ కనపడితే మర్నాటినుంచి గనిలోకి రానివ్వరు. బండివాడు పేరు పిలుస్తాడు, మొహం చూడడు. ఆ పేరుకు ఎవరు పలికితే వాళ్లనే లోపలికి రమ్మంటాడు. దగ్గున్నవాడు గోడ చాటున నిలబడితే, దగ్గు లేనివాడు వాడి పేరుకు పలికి ఫిల్ము తీయించుకునేవాడు. దీన్ని మా ఊళ్లో ఎవరూ మోసం అనుకోలేదు. పొరుగింటికి నిప్పు ఇచ్చినట్టు ఇచ్చేవాళ్లు.

ప్రయోగశాల బీరువాలోంచి పెద్ద ఫిల్ములు తీసి, ఎనిమిదింటినీ వెలుగు పెట్టె మీద వరసగా పరిచాను. కత్తిరించనివి. ఊపిరితిత్తుల వైపు చూడలేదు. భుజాలు చూశాను. మా అన్న పేరున్న ఫిల్ములో ఎడమ మెడకింది ఎముక మధ్యలో విరిగి అతుక్కుని, ముడిపడ్డ తాడులా ఉంది. పక్క ఫిల్ము చూశాను. అదే ఎముక, అదే ముడి. దాని పక్కదీ అంతే. ఎనిమిది మందిలో ఆడమనిషి, చెన్నక్క పేరు మీదున్న ఫిల్ములోనూ అదే ముడి.

ఎనిమిదీ ఒకే మనిషివి.

మేడమ్ భోజనం నుంచి వచ్చేసరికి నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఆవిడ వరసగా చూసింది, వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"శుభ్రమైన ఫిల్ము ఉన్నవాళ్లనే ఎంచుకున్నాం" అంది నెమ్మదిగా. "శుభ్రమైన ఫిల్ము ఇతనికి ఒక్కడికే ఉంది. కాబట్టి ఇతన్నే ఎనిమిది సార్లు ఎంచుకున్నాం. అంటే తక్కిన అందరూ దాచుకోవాల్సింది ఏదో ఉన్నవాళ్లే."

"అవును మేడమ్."

"నీకు తెలుసా?"

"ఇలాంటి అలవాటు ఉందని తెలుసు. అన్న సంగతి తెలియదు. ఫారంలో ప్రశ్న ఉంది. తక్కిన ఏడుగురినీ అడిగాను, లేదన్నారు. అన్నను అడగలేదు. నేనే టిక్కు పెట్టేశాను."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే నిజం చెప్పేవాడు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. పన్నెండేళ్ల పని ఆవిడ ముందు వెలుగు పెట్టె మీద పడి ఉంది. ఆ ఎముక మీద వేలు పెట్టి, "పొద్దున్నే బయల్దేరు" అంది. "మందు ఆపించు. ఎనిమిది పరికరాలూ వెనక్కి తీసుకురా. జిల్లా టీబీ వాళ్లకు నేను ఫోన్ చేస్తాను, నువ్వు చేరేసరికి మాత్రలు అక్కడ ఉంటాయి. ఇళ్లల్లో వాళ్లందరికీ పరీక్షలు చేయించు. నీ సంగతి, నా సంగతి ఆ తర్వాత."

"మందు ఆపితే మళ్లీ బిగుస్తుంది కదా మేడమ్."

"పది రోజులు పడుతుంది. కణాలకు స్పర్శ తిరిగి వస్తుంది. అవి మళ్లీ తడుముకుంటాయి." ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. "నేను వాటిని అబద్ధంతో నమ్మించాను కాశింబీ. అవి కట్టుకున్న మంచి గోడలు కూడా ఉంటాయని తెలుసు. తెలిసే చేశాను."

బస్సు దిగగానే నేరుగా సిలార్ మామ టీ కొట్టుకు వెళ్లాను. మామ ఎప్పుడూ గనిలోకి దిగలేదు. ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాడని అందరికీ తెలుసు. నేను మాస్కు తీయకుండానే అడిగాను.

"మామా, ఎక్స్-రే బండికాడ ఎంతమందికి నిలబడ్డావు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎవురు చెప్పారే నీకు? ఒకరా ఇద్దరా! బండొచ్చిందంటే నాకు కొట్టు కట్టేసే పనే. ఒక్కోసారి చొక్కా మార్చుకుని నాలుగు మాట్లు ఎక్కినా. ఆడోళ్ల పేర్లకు గూడా ఎక్కించారు, ముసుగేసి. నా రొమ్ము గాజుపలకంట, ఆ బండోడే అనేవోడు." వేళ్లు ముడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నా కళ్లు చూసి సగంలో ఆగాడు. "ఏందే? ఏమైంది?"

చెప్పాను. తేలిగ్గా చెప్పడానికి ప్రయత్నించాను గానీ అది తేలికైన సంగతి కాదు. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా మామ చూసుకోలేదు.

"నేను కూడు నిలబెట్టాననుకున్నానే" అన్నాడు. "పాతికేళ్లబట్టీ అట్టానే అనుకుంటుండా."

"నిలబెట్టావు మామా. తప్పు నీది కాదు" అన్నాను. నిజమే చెప్పాను. అయినా ఆయన తల ఎత్తలేదు.

ఇంటికి వెళ్లేసరికి అన్న గోడకు సున్నం వేస్తున్నాడు. చేతిలో కుంచె, నోట్లో ఏదో పాట. నాలుగేళ్లు మంచానికి ఆనుకుని కూర్చున్న మనిషి. ఆ పాట ఆపించడానికి వచ్చినదాన్ని నేనే. వదిన మంచినీళ్లు తెచ్చింది. తాగకుండానే ఉన్నదంతా చెప్పేశాను. ఎర్ర పుల్లలు చెప్పాను, ఎముక చెప్పాను, ఫారంలో నేనే టిక్కు పెట్టానని చెప్పాను.

అన్న కుంచెను బకెట్లో పెట్టాడు.

"మందు మానేస్తే?"

"పది రోజులు ఇట్లాగే ఉంటుంది. ఆ తర్వాత..."

"అర్థమైంది, చెప్పబాక."

"మానకపోతే టీబీ ఛాతీ అంతా పాకుతుంది. వదినకూ అంటుతుంది. మాత్రలు వేసుకుంటే అది తగ్గుతుంది అన్నా. టీబీ తగ్గుతుంది." మిగతాది తగ్గదని అనలేకపోయాను.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. అన్న గోడ వైపు తిరిగాడు. సగం తెల్లగా, సగం పాతగా ఉంది. నన్ను తిడతాడేమోనని చూశాను. తిట్టడానికి ఊపిరుంది. తిట్టలేదు.

"మిగతా ఏడుగురికి చెప్పినావా?"

"ఇంకా లేదు."

"నువ్వు చెప్తే యాడ ఇంటారు? నువ్విచ్చిన మందు నువ్వే లాక్కుంటున్నావంటారు. పద, నేనొస్తా."

తువ్వాలు మొహానికి కట్టుకుని బయల్దేరాడు. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం బయటే నిలబడి మాట్లాడాడు. మాట్లాడటమంటే మామూలుగా కాదు. అరిచాడు, బతిమాలాడు, వేళాకోళం చేశాడు, వాళ్ల తాతల పేర్లెత్తి సిగ్గుపెట్టాడు. మస్తాన్ వాళ్లు తలుపేసుకుంటే తలుపుతోనే గంటసేపు మాట్లాడాడు. మధ్యలో ఎక్కడా రొప్పలేదు. ఆయన వెనక సంచి పట్టుకుని నడుస్తూ, పరికరాలు ఒక్కొక్కటే అందులో వేసుకుంటూ, ఆ గొంతు వింటూ ఉంటే నాకు గర్వంగానూ ఉంది, చచ్చిపోవాలనీ అనిపించింది.

నాలుగో రోజుకు ఏడు వచ్చాయి. చెన్నక్క మాత్రం ఇవ్వనంది. పలకలు నునుపు పట్టి పట్టి ఛాతీ పోగొట్టుకున్న మనిషి. పరికరాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇయ్యను. నరికినా ఇయ్యను. ఆరేళ్లు గోడకానుకుని కూర్చునే నిద్రపోయినా. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటుండా నాయనా, మడిసిలాగా. ఇంక బతికేది రెండేళ్లో మూడేళ్లో. పడుకుని పోతా, పోనీయ్."

ఆవిడ అడిగింది న్యాయమే. అన్న గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"అక్కా, నీ మనవరాలు యాడ పడుకుంటది?"

చెన్నక్క లోపలి చాప వైపు చూసింది.

"నీ పక్కనే గదా?"

ఆవిడ పరికరాన్ని ఒకసారి నిమిరింది. తర్వాత దాన్ని నేలమీద పెట్టి, కాలితో మా వైపు నెట్టింది.

తిరిగి వస్తుంటే అన్న ఏమీ మాట్లాడలేదు. ఆ రోజుల్లో అన్న మాట్లాడకుండా అంత దూరం నడవడం అదొక్కసారే. మంచి మాట చెప్పావు, నాకు తట్టనే లేదు అన్నాను. తలూపి ఊరుకున్నాడు.

తొమ్మిదో రోజు ఉదయం సున్నం వేసిన గోడ కింద మంచం వేసుకుని కూర్చుని నన్ను పిలిచాడు. అప్పటికే మెట్టెక్కితే ఒక్క క్షణం ఆగుతున్నాడు. మాట ఇంకా బాగానే ఉంది.

"ఆ కాగితం తెచ్చినావా? నన్ను అడగని కాగితం."

"ఇప్పుడెందుకన్నా అది?"

"తే. పద్ధతిగా అడుగు. రేపటికి నేను చెప్పలేను."

సంచిలోంచి కొత్త ఫారం తీశాను. అచ్చులో ఉన్నది ఉన్నట్టే చదివాను. "మీకు గతంలో ఎప్పుడైనా క్షయ వ్యాధి సోకిందా?"

"సోకింది. రాసుకో. కంబంలో గవర్నమెంటాసుపత్రిలో చెప్పారు, ఇక్కడైతే తెలిసిపోద్దని ఆడికి పోయినా. ఎర్రగా పడేది, తువ్వాల్లో ఉమ్ముకుని గనికాడ రాయి కింద కప్పెట్టేవాణ్ణి. ఆరు నెలలు మింగమన్నారు, మూడు నెలలకే దగ్గు తగ్గింది, మానేసినా. ఆ ఏడు బండొస్తే సిలార్ మామ నా పేరుకు పలికాడు. నేను గోడెనక నిలబడుండా. నీ పేరేందిరా అంటే నాగుల్‌మీరా అని మామ గట్టిగా అనింది గూడా నాకు వినపడింది."

ఒక్కసారి కూడా ఆగకుండా చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా రాశాను. రెండో ప్రశ్న ఏ సంవత్సరం అని. చెప్పాడు. ఆ అంకె రాశాను.

అది నేను ఆరో తరగతికి వచ్చిన ఏడు. అమ్మా నాయనా పోయాక నేనూ అన్నా ఇద్దరమే ఉండేవాళ్లం. బడి మధ్యలో ఉండగా ఒక రోజు నా ట్రంకుపెట్టె సర్ది, గిద్దలూరు హాస్టల్లో వదిలేశాడు. తొమ్మిది నెలలు నన్ను చూడటానికి రాలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసి చూసి, చివరికి ఆయన మీద పంతానికే చదివాను. ఆ పంతంతోనే ఇంతదాకా వచ్చాను. పెద్దయ్యాక మాత్రం, చెల్లెలు చదువుకోవాలని అన్న గుండె రాయి చేసుకున్నాడని అందరికీ చెప్పుకునేదాన్ని.

"తర్వాతేంది? అడుగు" అన్నాడు అన్న.

మూడో ప్రశ్న చదివాను. "ఆ సమయంలో మీతో పాటు ఇంట్లో ఎవరెవరు ఉండేవారు?"

అన్న నా వైపు చూడలేదు. తడి ఆరుతున్న గోడను చూశాడు.

"ఒక పిల్ల ఉండేది" అన్నాడు. "పక్కలో పడుకునేది. పంపించేసినా."

నేను రాసుకున్నాను.